పెట్టె అలిసింది

మా మామయ్యను ఒకసారి పెట్రోలు బంకులో మర్చిపోయి వెళ్లిపోయారు. గొడుగునో చెప్పులనో మర్చిపోయినట్టు కాదు. వాటి కోసమైతే బస్సు వెనక్కి తిప్పేవాళ్లు.

నేనింకా పుట్టని రోజులు. చుట్టాలందరూ కలిసి ఒక బస్సు మాట్లాడుకుని పెద్ద విహారయాత్ర పెట్టుకున్నారు. సముద్రం, కొండలు, జలపాతం, కోట, మళ్లీ సముద్రం. ఊరు దాటిన కాసేపటికి బస్సు బంకులో ఆగింది. అక్కడ ఎవరో ముసలావిడ, పెట్టె చక్రం ఊడిపోయి ఏడుపుమొహంతో నిలబడి ఉంటే, మామయ్య దిగివెళ్లి ఆ చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇక్కడ డ్రైవరు, అందరూ ఎక్కారా అని అడిగాడు. మా అమ్మ, అంటే మామయ్యకు స్వయానా అక్క, సీట్ల మధ్య నిలబడి తలలు లెక్కపెట్టి, "అందరూ ఉన్నారు, పోనివ్వండి" అంది. మా అమ్మ బడిలో లెక్కల టీచరు. ఆవిడ లెక్క తప్పడం అంతకుముందు ఎవరూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

సాయంత్రం బసలో పక్కలు పరుచుకుంటుంటే ఒక దిండు మిగిలింది. దిండు ఎవరిదని అడుగుతూ పోతే మామయ్య లేడని తేలింది. వాడు తెలివైనవాడే, ఇల్లు చేరుకుంటాడులే అని పెద్దలు తీర్మానించారు. దిండు మా పెదనాన్న కాళ్లకిందికి వెళ్లింది.

యాత్ర ముగించుకుని వచ్చేసరికి ఒకరికి కడుపు పాడైంది, ఒకరికి నడుం పట్టేసింది, ఇద్దరు తోడికోడళ్లకు మాటల్లేవు. సముద్రం ఎలా ఉందని అడిగితే, ఏ సముద్రం అని తిరిగి అడిగారు. మామయ్య మాత్రం కడిగిన ముత్యంలా గుమ్మంలో ఎదురొచ్చి, బంకు విశేషాలు మొదలుపెట్టాడు. అక్కడ చెట్టుకింద ఒక బల్ల ఉందట. లారీల వెనక రాతలన్నీ చదివాడట. టైర్లకు గాలిపట్టే ఆయన ఈలవేస్తే కుక్క కూడా వచ్చి కూర్చుని వింటుందట. దీపాలు పెట్టే వేళకు నీళ్ల ట్యాంకరెక్కి ఇల్లు చేరాడట. "మీరు చాలా చూసొచ్చారు. నేను ఒక్కటే చూశాను, తీరిగ్గా చూశాను" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఇప్పటికీ చుట్టాలు నలుగురు కలిస్తే ఆ కథ చెప్పుకుని నవ్వుతారు, మామయ్యా నవ్వుతాడు. అమ్మకు మాత్రం సరిగ్గా ఆ సమయానికి వంటింట్లో ఏదో పని తగులుతుంది.

ఆ రోజు నుంచీ మామయ్యది ఒకటే పట్టింపు. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరలేని చోటికి ఆయన వెళ్లడు. వెళ్లే చోటికి మాత్రం ఖండాలు దాటుతున్నట్టు వెళ్తాడు.

ఇందులో తమాషా ఏమిటంటే, మామయ్యది పెట్టెల రిపేరు షాపు. జిప్పులు, పిడులు, చక్రాలు, తాళాలు. ఊళ్లో దూరాలు వెళ్లేవాళ్ల సామానంతా ఆయన చేతిమీదుగానే వెళ్లాలి. షాపు వెనక గదిలో ఆయన కాపురం. కాపురమంటే ఒక మంచం, ఒక స్టవ్వు, ఆయన. పెళ్లెందుకు చేసుకోలేదంటే, వచ్చిన సంబంధాలన్నీ దూరాభారం, వెళ్తే సాయంత్రానికి తిరిగిరాలేం అనేవాడు. పైన రెండు గదుల్లో అమ్మా నేనూ ఉంటాం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు.

బాగుచేసిన పెట్టెను మామయ్య అలాగే ఇచ్చెయ్యడు. బయట తిప్పి చూడాలి. "షాపు గచ్చుమీద ప్రతి చక్రమూ పెద్దమనిషే అల్లుడూ. రోడ్డెక్కాకే దాని బుద్ధి బయటపడేది" అంటాడు. అంచేత షాపుకు సెలవైన రోజు, ఆ వారం బాగైన పెట్టెల్లో ఒకదాన్ని ఎంచి, దాంతో ప్రయాణమవుతాడు. మిగతావన్నీ ఆ ఒక్కదాని పూచీమీద వెళ్లిపోతాయి.

ముందురోజే బట్టలు ఇస్త్రీ అవుతాయి. పొద్దున్నే పక్కషాపు టైలరుకు తాళంచెవి అప్పగింత.

"వెళ్లొస్తాను."

"ఎన్నాళ్లకు రావడం అన్నా?" టైలరు మిషను మీంచి తలెత్తకుండా అడుగుతాడు.

"సాయంత్రానికి."

"ఎక్కడికి ఈసారి?"

"నీళ్ల ట్యాంకు దగ్గరికి. అక్కడి నుంచి నీకేమైనా తేవాలా?"

టైలరు కిటికీలోంచి చూస్తే నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. అయినా కాసేపు ఆలోచించి, ఏమీ వద్దు, నువ్వు క్షేమంగా వస్తే అదే పదివేలు అంటాడు.

వీధి మలుపులో మామయ్య ఆగి వెనక్కి తిరుగుతాడు. "అందరూ ఉన్నామా?" చాలాసార్లు వెనక ఉండేది నేనొక్కణ్నే. ఉన్నామని పైకి చెప్పాలి, తలూపితే ఒప్పుకోడు. ఒక్కడే వెళ్లినా మలుపులో ఆగి అడుగుతాడని టైలరు ఒట్టేసి చెప్తాడు. అప్పుడు జవాబెవరు చెప్తారో మాత్రం టైలరుకూ తెలియదు.

ఇంకొంత దూరం పోయాక పెట్టె నిలబెట్టి, దాని పక్కన వంగి, జ్వరం చూసినట్టు చెయ్యివేసి చూస్తాడు. "పెట్టె అలిసింది. కాసేపు కూర్చుందాం." పెట్టెలోంచి ఒక మడతకుర్చీ వస్తుంది. దాన్ని వెంట ఉన్నవాళ్లకిచ్చి తను గట్టుమీద కూర్చుంటాడు. పెట్టెమీద మాత్రం ఎవరూ కూర్చోకూడదు, అది అలిసి ఉంది కదా. పెట్టె అలిసిపోవడమేమిటి మామయ్యా అని చిన్నప్పుడు అడిగితే, మోస్తే తెలుస్తుంది అన్నాడు. సరే ఇటివ్వు అంటే, బాగుచేసిన చెయ్యే తిప్పి చూడాలని ఇవ్వలేదు.

చేరిన చోట ఆయన అచ్చమైన పరదేశి. నీళ్ల ట్యాంకు వీధిలో అరుగుమీద పేపరు చదువుతున్న పెద్దమనిషి దగ్గర ఆగి, "మీ వైపు ఎండలెలా ఉంటాయండీ?" అని అడిగాడు. ఆయన కళ్లజోడు దించి, "మీ వైపు ఎలా ఉంటాయో అలాగే. అదిగో, మీ షాపు బోర్డు కనబడుతోంది" అన్నాడు. మామయ్య అటు తిరిగి తన బోర్డును కళ్లు చికిలించి చూసి, "ఇక్కడి నుంచి ఎంత బాగుంది మా ఊరు" అన్నాడు. మర్నాడు ప్రయాణబడలిక అని షాపు మధ్యాహ్నానికి తెరిచాడు.

కాలువ వంతెన, ఐసు ఫ్యాక్టరీ వెనక గోడ, మొక్కలమ్మే తోట, చివరి బస్టాపు. ఇవన్నీ ఆయన చూసొచ్చిన దేశాలు. చూసొచ్చిన సమయం కంటే వాటి గురించి చెప్పే సమయం ఎక్కువ.

ఇక నా సంగతి. నేను పనిచేసేది మామయ్య షాపుకు ఎదురుగా ఉన్న ట్రావెల్ ఆఫీసులో. ప్రపంచమంతా మా గోడలమీద అతికించి ఉంటుంది, దానిమీద దుమ్ము దులపడంతో నా రోజు మొదలవుతుంది. తక్కువ రోజుల్లో ఎక్కువ ఊళ్లు చూపించడం మా ఓనరు ప్రత్యేకత. వెళ్లినవాళ్లు దిగగానే మాకు థాంక్స్ చెప్పి నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్తారు. చదువు మధ్యలో ఆగిపోయిన నేను, పాతపేపర్ల కొట్లో తూకానికి వచ్చిన యాత్రల పుస్తకాలు తెచ్చుకుని చదివేవాణ్ని. చాలావాటికి మొదటి పేజీలు ఉండవు. అందుకని ప్రయాణాలు ఎలా ముగుస్తాయో నాకు క్షుణ్ణంగా తెలుసు, ఎలా మొదలుపెట్టాలో తెలియదు. ఊరు నాకు ఊపిరాడనిచ్చేది కాదు. కౌంటరు వెనక కూర్చుని ఇంకొకరి సముద్రాన్ని బుక్ చేస్తూ, కిటికీలోంచి చూస్తే, ఇస్త్రీ చొక్కాతో, పెట్టెతో, టైలరు దగ్గర వీడ్కోలు తీసుకుంటూ మామయ్య. ఒళ్లు మండిపోయేది.

ఒకసారి పళ్ల డాక్టరుగారు మా దగ్గరే పెద్ద టూరు బుక్ చేసుకుని, పెట్టె కోసం మామయ్య షాపుకు వెళ్లారు. తాళం వేసి ఉంది. ప్రయాణంలో ఉన్నారని టైలరు చెప్పాడు. ఎప్పుడొస్తారంటే సాయంత్రానికని. మరి నా పెట్టె ఏదంటే, అదీ ప్రయాణంలోనే ఉందని. డాక్టరుగారి రైలు మధ్యాహ్నం. ఆయన మా ఆఫీసులోకి వచ్చి నా చొక్కా పట్టుకున్నంత పని చేస్తే, నేను ఆయన్ని వెంటబెట్టుకుని పార్కు వెనక దిబ్బ ఎక్కించాను. పైన మామయ్య తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

"రండి డాక్టరుగారూ. మీ పెట్టెకు ఇక్కడి గాలి బాగా పడింది."

డాక్టరుగారికి తిడదామని ఉంది, ఊపిరి అందడం లేదు. మామయ్య ఆయన మొహం చూసి, పెట్టెమీద చెయ్యివేసి, "కానీ అలిసింది. ఇప్పుడే కదిలిస్తే బాగుండదు. ఇలా కూర్చోండి" అని మడతకుర్చీ వేసి, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. కింద ఊరంతా బొమ్మలా కనిపిస్తోంది. తన క్లినిక్కు డాబామీద ఎవరో ఎర్ర దుప్పటి ఆరేశారని డాక్టరుగారు కనిపెట్టారు. ఎవరిదై ఉంటుందా అని ఇద్దరూ చాలాసేపు చర్చించారు. చివరికి నేనే లేవదీసి పరుగులు పెట్టించి రైలెక్కించాను.

టూరు నుంచి వచ్చాక డాక్టరుగారు మాకు ఒక్క విశేషమూ చెప్పలేదు. మర్నాడే అదే పెట్టెతో మామయ్య దగ్గరికి వెళ్లి, చక్రం కొంచెం చప్పుడు చేస్తోందన్నారు. మామయ్య తిప్పి చూసి, దానిమీది పళ్లుపీకే పట్టకారు గాట్లను చూడనట్టే తుడిచేసి, "అవునండీ, బాగా తిప్పి చూడాలి. సెలవురోజు రండి" అన్నాడు. ఆ తర్వాత నెలకోసారి ఆ చక్రం క్రమం తప్పకుండా ఊడేది.

అప్పటికింకా ఇదంతా పిచ్చి కిందే జమకట్టాను.

ఒక ఏడాది వేసవికి ముందు అమ్మకు ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. ఆస్పత్రిలో చాన్నాళ్లు ఉండి వచ్చింది. మంచం దిగి కిటికీ దాకా నడిస్తే ఆయాసం. ఆవిడ బడేమో వీధి చివర గుట్టమీద, కింది నుంచి గేటు దాకా మెట్లే. సెలవులు ఇచ్చాక హెడ్మిస్ట్రెస్ పలకరించడానికి వచ్చింది. ఇన్నేళ్లు చేశారు, ఇక విశ్రాంతి తీసుకోకూడదా అని మెత్తగా మొదలుపెట్టి, బడి తెరిచేనాటికి మెట్లెక్కి రాగలిగితే సరేననీ, లేకపోతే తరగతులు కొత్తావిడకు ఇచ్చి పదవీవిరమణ కాగితాలు పంపుతాననీ తేల్చింది. అమ్మ నవ్వుతూ విన్నది. ఆవిడ మెట్లు దిగిన చప్పుడు ఆగాక, ఆవిడ తెచ్చిన పళ్ల సంచీ నా ఒళ్లో పడేసి, "నువ్వే తిను" అంది.

రోజూ నడవాలని ఆస్పత్రి డాక్టరు చెప్పాడు. అమ్మ గడప దాటలేదు. నేను చెయ్యి పట్టుకుంటానంటే, ఆ చెయ్యి వంక ఎలా చూసిందంటే నేను దాన్ని జేబులో పెట్టుకున్నాను.

"ఈ వీధిలో సగంమంది నా దగ్గర చదువుకున్నవాళ్లేరా. నేను నాలుగడుగులు వేసి గోడపట్టుకుని రొప్పుతుంటే ఒకడు కుర్చీ తెస్తాడు, ఒకడు నీళ్లు తెస్తాడు, ఒకడు అయ్యో టీచర్ అంటాడు. గుట్టమీదికి కబురు నాకంటే ముందు చేరుతుంది. ఆ తర్వాత నేను ఎక్కినా ఒకటే, ఎక్కకపోయినా ఒకటే."

నా దగ్గర ఉపాయం ఉంది. మా ఆఫీసు గోడమీద చల్లటి కొండప్రాంతం బొమ్మ ఒకటి ఉంది, అందులో తెల్లశాలువా కప్పుకున్న ఒకావిడ పొగమంచును చూసి నవ్వుతూ ఉంటుంది. దాని పేరు పదిరోజుల ఆరోగ్య విహారం. ఓనరును బతిమాలి రెండు సీట్లు వేయించాను. బడి తెరవడానికి కాస్త ముందు ప్రయాణం. పదిరోజులు ఆ గాలి పీలిస్తే అమ్మ లేచి పరిగెడుతుందని నా లెక్క.

ఆ వారమే మామయ్య పైకి వచ్చాడు, చేతిలో ఒక నీలం పెట్టె.

"అక్కా, ఇది ఆడవాళ్ల పెట్టె. పిడి ఎత్తు సరిపోయిందో లేదో నాకు తెలియడం లేదు. నువ్వోసారి వస్తే బాగుంటుంది."

"ఎక్కడికిరా?"

"కిందికి."

"కిందికంటే?"

"షాపు దాకా. సాయంత్రానికి వచ్చేస్తాం."

అమ్మ ఆయన్ని కిందికీ పైకీ చూసింది. నెత్తిన పెద్ద టోపీ, మెళ్లో దుర్భిణి. ఇన్నేళ్ల ప్రయాణాల్లో ఎన్నడూ పెట్టనివి. మంచం దిగి చీర మార్చుకుంది. ఇంటి మెట్ల మధ్యలో మామయ్య ఆగి, వంగి, చెయ్యివేసి చూసి, పెట్టె అలిసిందన్నాడు. మెట్టుమీద కుర్చీ వేశాడు. అమ్మ కూర్చుంది. ఆయన దుర్భిణితో ఎదురుగోడను పరీక్షించి, అక్కడ ఒక బల్లి ఉందని మాకు తెలియజేశాడు.

తర్వాతి ప్రయాణం టైలరు షాపుకు. ఆ తర్వాత వీధి మలుపుకు. సెలవురోజు నియమం పోయి, పెట్టె రోజూ బయల్దేరడం మొదలైంది. మలుపు దాటి కాలువ వంతెన, వంతెన దాటి పార్కులో మొదటి బెంచీ. ఎక్కడ పడితే అక్కడ పెట్టె అలిసేది. దానికంత నీరసం వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. మామయ్య వేషమూ రోజురోజుకూ ముదిరింది. ఒకరోజు పెట్టె పిడికి రంగుకాగితం జెండా కట్టాడు. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నవ్వేది. పోయినవారం దాకా అమ్మ ఒంట్లో ఎలా ఉందని నన్ను అడిగినవాళ్లు, ఇప్పుడు మీ మామయ్యకు ఒంట్లో ఎలా ఉందని అడగసాగారు. అమ్మను చూసి, "టీచర్‌గారూ, ఈ తమ్ముడితో ఎలా వేగుతున్నారు?" అనేవాళ్లు. అమ్మ కుర్చీలో కూర్చునే, "ఏం చేస్తాం, ఇచ్చి పుచ్చుకునే వీలుంటే మీకే ఇచ్చేద్దును" అనేది.

నాకు తల తీసేసినట్టుండేది. ఒకరోజు షాపులోకి వెళ్లి గట్టిగానే అడిగాను. ఆవిడ జబ్బుమనిషి, నీ ఆటలకు ఆవిడే దొరికిందా, వీధిలో పడేసి నవ్వులపాలు చెయ్యడానికి అన్నాను. కొండప్రాంతం సంగతి, శాలువా సంగతి, పొగమంచు సంగతి చెప్పాను. మామయ్య జిప్పుకు మైనం రుద్దుతూ అంతా విన్నాడు.

"అక్కడి నుంచి సాయంత్రానికి రావచ్చా?"

"పదిరోజులు మామయ్యా."

"బస్సు మధ్యలో ఎక్కడైనా ఆగుతుందా?"

"ఆగుతుంది."

"అయితే ఎక్కేటప్పుడు లెక్క చూసుకో" అని మళ్లీ మైనం అందుకున్నాడు.

బడి తెరిచే రోజు దగ్గరపడింది. మేము కొండకు బయల్దేరాల్సిన రోజు అంతకంటే దగ్గరపడింది. ఒక పొద్దున మామయ్య బొటనవేలికి పెద్ద కట్టు కట్టుకుని వచ్చాడు. తాళం స్ప్రింగు తెగి కొట్టిందట. "ఇవాళ గుట్టవైపు ప్రయాణం అల్లుడూ. ఈ ఒక్కసారికి పెట్టె నువ్వు పట్టుకోవాలి."

గుట్ట మెట్ల దగ్గర మామయ్య వెనక్కి తిరిగి, "అందరూ ఉన్నామా?" అన్నాడు. ఉన్నామని విసుగ్గా అన్నాను. మెట్లమీద చక్రాలు పనికిరావు, ఎత్తి మొయ్యాలి. ఇన్నాళ్లుగా అన్నేసి సార్లు అలిసిన పెట్టె కదా, లోపల ఇనుమో రాళ్లో ఉంటాయని, కాళ్లు కూడదీసుకుని ఒక్క ఊపున ఎత్తాను. పెట్టె ఈకలా లేచింది, నేను వెల్లకిలా పడబోయాను. లోపల మడతకుర్చీ, ఫ్లాస్కు తప్ప ఏమీ లేవు.

మోస్తే తెలుస్తుందన్నది ఇదన్నమాట. ఉడుక్కుంటూ సగం మెట్లదాకా ఎక్కి, దులిపేద్దామని మామయ్యవైపు తిరిగాను. ఆయన నావైపు చూడటం లేదు. ఆయన చూస్తున్నవైపు నేనూ చూశాను.

అమ్మ నా వెనక మెట్టుమీద ఆగిపోయి ఉంది. ఒక చెయ్యి మెట్ల పక్క కమ్మీమీద, పెదాలు తెల్లగా. మాట్లాడటానికి ఊపిరి లేదు. పైనుంచి, గేటు దగ్గర మలుపు తిరిగి, చేతిలో గొడుగుతో హెడ్మిస్ట్రెస్ దిగివస్తోంది.

మామయ్య టోపీ సరిచేసుకుని, వీధి చివరిదాకా వినబడేట్టు అన్నాడు. "అల్లుడూ, ఆపు. పెట్టె అలిసింది."

నా చేతిలో పెట్టెకు బరువనేదే లేదు. దాన్ని దభీమని మెట్టుమీద దించి, రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాను.

"అవును మామయ్యా, చచ్చేట్టు అలిసింది" అన్నాను.

కుర్చీ వేశాను. అమ్మ కూర్చుంది. హెడ్మిస్ట్రెస్ మా దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చూపంతా టోపీమీద, దుర్భిణిమీద, జెండామీద, నా నుదుటి చెమటమీద. నవ్వు ఆపుకోలేక గొడుగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎక్కడికండీ ప్రయాణం అంది.

"ఇక్కడికే అమ్మా. ఇప్పుడే దిగాం" అన్నాడు మామయ్య. "మీ వైపు ఎండలెలా ఉంటాయి?"

ఆయన ఆవిడకు దుర్భిణి ఇచ్చి, ఆవిడ ఇంటి పెరడు వెతికించి, అందులో కనిపించిన మేక ఎవరిదని విచారణ జరిపేంతలో అమ్మ ఊపిరి దారికొచ్చింది. కొత్త టైంటేబులులో పదోతరగతి తనకే ఉంచమని మామూలు గొంతుతో చెప్పింది. మేక ధ్యాసలో ఉన్న హెడ్మిస్ట్రెస్ అలాగే అలాగే అంటూ దిగిపోయింది. ఆ మెట్లమీద సగందాకా లెక్కల టీచరు సొంతకాళ్లతో ఎక్కివచ్చిందనీ, మధ్యలో ఆయాసపడిందనీ, రెండూ ఆవిడ గమనించలేదు. ఆవిడ అటు వెళ్లగానే అమ్మ లేచి మిగతావి ఎక్కింది. పెట్టె ఇంకోసారి అలిసింది, అంతే.

ఆ సాయంత్రం అమ్మను అడిగాను, పెట్టె ఖాళీదని నీకు తెలుసా అని.

"మొదటిరోజే తెలుసు. ఇంటి మెట్లమీద కుర్చీ లోపల లొటలొటలాడుతుంటే వినలేదా నువ్వు?"

"మరి అననే లేదేం?"

"అంటే వాడు ఆగడం మానేస్తాడు. ఆగకపోతే నాకు ఆయాసం. వాడికి చిన్నప్పటి నుంచీ అబద్ధం అతికినట్టు చెప్పడం రాదురా. అందుకే అందరూ నమ్మేస్తారు, ఇంత పిచ్చిగా ఎవరూ అబద్ధమాడరని" అంది.

వీధిలో కళ్లన్నీ తనమీదికి లాక్కోవడానికి మామయ్యకు టోపీ అవసరమైంది, అది చాలకపోతే జెండా అవసరమైంది. టోపీ లేని రోజుల్లో పెట్టె ఎప్పుడెప్పుడు అలిసిందో నాకు వరసగా గుర్తుకొచ్చింది. డాక్టరుగారు రొప్పినప్పుడు. కాలికి కట్టుతో ఉన్న టైలరును వంతెన దాకా తీసుకెళ్లినప్పుడు. చిన్నప్పుడు కొత్త చెప్పులు నన్ను కరిచినప్పుడు. మామయ్య ఒక్కడే వెళ్లిన రోజుల్లో పెట్టె ఎప్పుడూ అలిసినట్టు లేదు.

కొండ సీట్లు రద్దు చేయించాను. ఓనరు ఆ సీట్లు పళ్ల డాక్టరుగారికి అంటగట్టబోతే, ఆయన బొమ్మను శ్రద్ధగా చూసి, "సాయంత్రానికి రావచ్చా?" అని అడిగారు. మర్నాడు నేను బొమ్మలోని శాలువా ఆవిడమీద కాస్త దుమ్ము వదిలేశాను.

బడి తెరిచిన రోజు అమ్మను సాగనంపడానికి మామయ్య వచ్చాడు, తాళంచెవి ఎవరికివ్వాలో తెలియక టైలరూ షాపు మూసి వచ్చాడు, చక్రం ఊడిన పెట్టెతో డాక్టరుగారు వచ్చారు. మెట్లకింద మామయ్య అలవాటుగా అడిగాడు. "అక్కా, అందరూ ఉన్నామా?"

అన్నేళ్లుగా ఈ ప్రశ్నకు ఉన్నాములే పద అని చెయ్యి విసిరే అమ్మ, ఆ రోజు సంచీ కింద పెట్టింది. వేలెత్తి, తరగతిలో పిల్లల్ని లెక్కపెట్టినట్టు ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టింది. వేలు ముందుగా ఆగింది మామయ్య దగ్గర.

"నీతోనే మొదలుపెట్టాను. అందరూ ఉన్నారు" అంది. "పోనివ్వు."

మామయ్య టోపీ కళ్లమీదికి లాక్కున్నాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాడు. అప్పటికి మబ్బు పట్టి ఉంది.

అమ్మ ఒక్కతే ఎక్కింది. పిల్లలు ఆవిణ్ని దాటుకుని పరిగెడుతున్నారు. సగంలో ఆగి, కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరిగి కిందికి కేక వేసింది. "ఒరేయ్, పెట్టె అలిసిందా?"

పెట్టె మా దగ్గర, కింద ఉంది. మామయ్య వంగి, చెయ్యివేసి చూసి, "కొంచెం అక్కా. నిదానంగా వెళ్లు, దానికి తొందరేం లేదు" అని జవాబిచ్చాడు. పిల్లలందరూ ఆగి కిందికి చూసి నవ్వారు. ఆ నవ్వు అయ్యేసరికి అమ్మ గేటు దగ్గర ఉంది.

ఆ ఏడాది చివర నాకు దూరపు బ్రాంచిలో పని దొరికింది. చాలా దూరం, వెళ్తే ఏ సాయంత్రానికీ తిరిగిరాలేనంత. మామయ్యకు ఎలా చెప్పాలా అని మథనపడుతుంటే, ఆయనే ఒక నల్ల పెట్టె దులిపి ముందు పెట్టాడు. దాన్ని వారమంతా ఊరి నలుమూలలా తిప్పి చూశాడట. నీళ్ల ట్యాంకు చూసింది, కాలువ చూసింది, గుట్టమెట్లు రెండుసార్లు ఎక్కింది, ఇంక దానికి లోకంలో తెలియనిదేమీ లేదన్నాడు. దూరం వెళ్లేవాళ్లను వద్దంటే పెట్టెల షాపువాడు తాళం వేసుకోవాల్సిందే కదా అని కూడా అన్నాడు.

బస్టాండుకు టోపీ లేకుండా వచ్చాడు. నేను ఎక్కి కూర్చున్నాక డ్రైవరు దగ్గరికి వెళ్లి, అందరూ ఎక్కారో లేదో తను స్వయంగా చూస్తానని చెప్పి, ఆయన ఒప్పుకోకముందే లోపలికొచ్చి సీటు సీటూ చూసి దిగాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. మామయ్య నా కిటికీ కింద నిలబడి, పైన కట్టిన నా పెట్టెవైపు చూస్తూ అన్నాడు.

"నీ సంగతి నాకు తెలుసు అల్లుడూ, నువ్వు అలిసే రకం కాదు. పెట్టె అలిసిందని అనిపిస్తే మాత్రం, దాని మొహం చూసైనా తీసుకొచ్చెయ్."